అప్రదక్షిణపు మెట్లు

కొండకు పోయే బస్సులో ఆయన ఎప్పుడూ లోయ పక్క కూర్చోడు. కొండ పక్కనే కూర్చుంటాడు, కళ్లు మూసుకుంటాడు, పెదాలు కదుపుతూ ఉంటాడు. చూసినవాళ్లు భక్తి అనుకునేవాళ్లు. నేనూ మొదట్లో అట్లాగే అనుకున్నాను. నాలుగుసార్లు పక్కన కూర్చుని పోయాక తెలిసింది, మలుపు తిరిగినప్పుడల్లా ఆయన వేళ్లు ముందు సీటు కమ్మీని ఎంత గట్టిగా పట్టుకుంటాయో. స్తోత్రం చదివేవాడి వేళ్లు అట్లా తెల్లబడవు.

ఆయన పోయాడని మొన్న తెలిసింది. చిత్తూరు నుంచి ఆయన చెల్లెలి కొడుకు వచ్చి చెప్పాడు. అప్పటికి పదహారు రోజులైంది. ఆయన పేరు ఇక్కడ రాయను. తన సర్వీసులో గీసిన పటాల్లో ఒక్కదాని మీదా ఆయన పేరు రాసుకోలేదు. కింద కుడి మూలన 'గీసినవారు' అని ఒక గడి ఉంటుంది. అందులో ఒక చుక్క పెట్టి వదిలేసేవాడు. నేనూ చుక్కే పెడుతున్నాను.

నేను మేస్త్రీని. నలభై రెండో ఏడు దాకా నాకు అక్షరం ముక్క రాదు. ఆయన తిరుపతిలో ఒక ఇంజనీరింగు ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం చేసేవాడు. వైష్ణవుడు. నుదుటి మీద నామం కూడా స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది. భార్య పెళ్లయిన మూడో ఏడే పోయింది. మళ్లీ చేసుకోలేదు. ఒక గది, ఒక మంచం, ఒక కుర్చీ. ఇంకో కుర్చీ కొనవచ్చు కదా అంటే, "ఎవరు కూర్చునేదానికి?" అనేవాడు. కోపంగా కాదు, లెక్క అడిగినట్టు.

మా పరిచయం నా తప్పుతో మొదలైంది.

ఆ ఆఫీసు వెనక నీళ్ల ట్యాంకు కట్టడం, దానికి చుట్టు తిరిగి ఎక్కే మెట్లు కట్టడం నాకు అప్పగించారు. నీలి ప్రింటు అందలేదని బంట్రోతు ట్రేసింగు గుడ్డే తెచ్చి ఇచ్చిపోయాడు. అది గంజి పెట్టిన పలచని గుడ్డ. అవతల చెయ్యి పెడితే ఇవతలికి కనిపిస్తుంది. నేను గీతలు చదవగలను, ఎన్నో కట్టాను. ఆ గుడ్డ చూసి ఇరవై రెండు రోజుల్లో మెట్లు లేపాను. అప్పుడు వచ్చాడు ఈయన. వచ్చి చాలాసేపు చూశాడు.

"మేస్త్రీ, గుడ్డ వెనక్కి తిప్పి పట్టుకున్నావే."

"దీనికి ఎనకా ముందూ ఏముండాది సామీ? రెండు పక్కలా ఒకటే మాదిరి ఉండాదే."

"అక్షరాలు తిరగబడినాయి గదా."

"అవి యాపక్క నుంచి సూసినా నాకు ఒకటే సామీ."

ఆయన నవ్వాడు. నేను ఆయన్ని ఎరిగిన కాలమంతటిలో మూడుసార్లు నవ్వడం చూశాను, అది మొదటిది. కానీ ఇంజనీరు నవ్వడు. పగలగొట్టి మళ్లీ కట్టమంటాడు. నా కూలీలకు నేనేం చెప్పాలి? ఆ మాట ఆయనతో అనలేదు, తలవంచుకుని నిలబడ్డాను అంతే. మర్నాడు ఇంజనీరు చేతికి పోయిన పటంలో మెట్లు నేను కట్టినట్టే తిరిగి ఉన్నాయి. నా పని నిలిచింది. వెంట్రుకవాసి గీత పక్కకు పోతే పటమంతా చించి మళ్లీ గీసే మనిషి, నా కోసం ఒక అబద్ధం గీశాడు. దాని గురించి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

అయితే ఆ మెట్లు ఆయన ఎక్కలేదు. ట్యాంకు పైభాగం చూసి సంతకం పెట్టాలి. కింద నిలబడి, "అప్రదక్షిణం మేస్త్రీ. నువ్వే ఎక్కి చూసి చెప్పు" అన్నాడు. గుళ్లో దేవుణ్ణి కుడిచేతి పక్కన ఉంచుకుని తిరుగుతాం. అది ప్రదక్షిణం. నేను కట్టిన మెట్లు ఎక్కితే నడిమి కంబం ఎడమచేతి పక్కకు వస్తుంది. అది అప్రదక్షిణం.

"ఎక్కేది అప్రదక్షిణమైతే దిగేటప్పుడు ప్రదక్షిణమే గదా సామీ. చెల్లుకు చెల్లు."

"దిగేది లెక్కలోకి రాదు మేస్త్రీ."

ఇంత మొహమాటం లేకుండా అబద్ధం చెప్పే మనిషిని నేను అంతవరకు చూడలేదు. నాకు ముచ్చటేసింది.

ఆ ఏడే ఒకరోజు అడిగాడు, "సెలవులో సముద్రం దాకా వస్తావా? గోడలు చూసి చెప్పేవాడు కావాల."

"గోడలు సూసేదానికి సముద్రం దాకా యాల సామీ? తిరపతిలో గోడల్లేవా?"

ఆయన పిచ్చి అప్పుడు బయటపడింది. లైట్‌హౌసులు. ఆయన మాత్రం దీపస్తంభాలు అనేవాడు. ఆఫీసు బీరువాలో ఎవరో దొర వదిలిపోయిన పాత పుస్తకం ఉండేదట, అందులో స్తంభాలను నిలువునా కోసి లోపలి గోడలు, మెట్లు, దీపం గది చూపించిన బొమ్మలు ఉండేవట. ఆ పుస్తకం చూసి చూసి, ఒడ్డున ఉన్నవన్నీ చూసి తన చేత్తో గీయాలని పట్టింది ఆయనకు. ఎందుకు సామీ అంటే ఒకసారి ఇట్లా చెప్పాడు:

"లోకంలో యే కట్టడమైనా మనుషులు లోపలికి వచ్చేదానికి కడతారు మేస్త్రీ. ఇదొక్కటే, దగ్గరికి రావద్దని చెప్పేదానికి కడతారు. అయినా దీన్ని చూసి అందరూ సంతోషపడతారు."

పెరుగన్నం మూట విప్పుకుని కాస్త ఎడంగా పోయి కూర్చుని తిన్నాడు. నా చేతి నీళ్లు తాగేవాడు కాదు. నేనూ ఇవ్వబోయేవాణ్ణి కాదు.

మొదట పులికాటు పక్కకు పోయాం. ఆయన స్తంభం మొదట్లో నిలబడి తల ఎత్తి ఒక్క క్షణం చూశాడు, వెంటనే దించేశాడు. నన్ను లోపలికి పంపాడు. బయటికి వచ్చి ఎడమచేతికి కంబం వస్తుందని చెప్పాను. "అయ్యో" అన్నాడు. అనడం అయ్యో అన్నాడు గాని, భుజాలు వదులయ్యాయి. పై పని నాకే పడింది. మెట్టు మెట్టుకూ ఒక చింతగింజ ఈ జేబులో నుంచి ఆ జేబులోకి వేస్తూ ఎక్కాను. పై నుంచి తూకం గుండు తాడుకు కట్టి కిందికి వదిలాను. కింద ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు, నేను పైన ఎత్తు గుర్తుకు తాడు మీద ముడి వేశాను. నేను దిగి వచ్చాక, ఇసకలో కూర్చుని నా నోటి మాటను పటం మీద పెట్టడం మొదలుపెట్టాడు. ఆ అడగడం ఎట్లా ఉండేదంటే, పెళ్లికి పోలేని మనిషి పోయి వచ్చినవాణ్ణి అడిగినట్టు.

"దీపం యెట్ల ఉండాది?"

"దీపం ఇంతే సామీ, నా పిడికిలంత. దాని సుట్టూ గాజు. మనిషెత్తు. ఎర్రగడ్డ పొరల మాదిరి గాజు కమ్మీలు ఒకదాని మీద ఒకటి. గుడ్డలు కట్టి మూసిపెట్టుండారు."

"గుడ్డలా? పగలు తెర వేస్తారా?"

"ఎండ ఆ గాజులో పడితే మంట అంటుకుంటుందంట."

"గర్భగుడికి మాదిరి తెర" అన్నాడు మెల్లగా. అది రెండో నవ్వు.

"అంత బరువు గాజు, పాదరసం తొట్టిలో తేలతా ఉండాది సామీ. కాపలా ఆయన సిటికెన యేలు పెట్టి తొయ్యమన్నాడు. తోసినా. తిరిగింది."

ఆయన తన చిటికెన వేలు చూసుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు, "గాజు చట్రం మీద ఇత్తడి రేకు ఉంటుంది. ఏం రాసుండాది?"

"ఏందో రాసుండాది సామీ. చీమలు పాకినట్ల."

పటంలో ఆ చోటు ఖాళీగా మిగిలిపోయింది. ఆయనకు ఖాళీ అంటే పడదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే నేను సారవ కర్రల మీద నుంచి పడి కుడి ముంజేయి విరగ్గొట్టుకున్నాను. పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకున్నాను. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలు. పని లేదు, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నాను. ఎవరింటికీ పోని మనిషి మా ఇంటికి వచ్చాడు, చంకలో పలకతో. గడప బయటే కూర్చున్నాడు.

"ఎడమ చెయ్యి బాగానే ఉండాది గదా?"

అట్లా నేను అక్షరాలు ఎడమచేత్తో నేర్చుకున్నాను. ఇప్పటికీ 'అ' రాసేటప్పుడు ముందు ఎడమచెయ్యి కదులుతుంది. ఆయన చదువు చెప్పే పద్ధతి కూడా పటాల పద్ధతే. 'క' అంటే ఏమిటో చెప్పడు, దాని కొలతలు చెబుతాడు. తలకట్టు ఇంత, పొట్ట ఇంత. నాకు అదే అర్థమైంది. కట్టు విప్పే నాటికి గుణింతం వచ్చింది. ఆరు నెలలకు బస్సు బోర్డులు. ఆ తర్వాత ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా, అర్థం కోసం కాదు, ఇత్తడి రేకులు దించుకుని వచ్చేదానికి.

నాలుగేళ్లలో నాలుగు స్తంభాలు చూశాం. మహాబలిపురంలో కొండ మీద పాతకాలపు రాతిగుడి నెత్తిన దీపం పెట్టేవారట, తర్వాత పక్కనే గుండ్రటి రాతి స్తంభం కట్టారు. మద్రాసులో కోర్టు ఆవరణలో ఒంటరిగా నిలబడిన పాత స్తంభం చూశాం. దాని దీపం తర్వాత కోర్టు గుమ్మటం మీదికి పోయిందట. "దీపం తీసేసినాక కూడా నిలబెట్టినారు చూడు" అని ఆయన దాని మొదలు తట్టాడు, పింఛను తీసుకునే మనిషిని తట్టినట్టు. నేను నా పనివాడి కళ్లతో చూసేవాణ్ణి. సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపారో లేదో గీకి చూసేవాణ్ణి. కింద గోడ నా రెండు చేతులు చాపినంత మందం, పైకి పోయేకొద్దీ సన్నం. గాలికి తల ఊగకుండా ఉండాలంటే బరువంతా కాళ్లలో ఉండాలి. ఒక్కో స్తంభం దీపం ఒక్కో లెక్కన వెలిగి ఆరుతుందని, ఓడవాడు ఆ లెక్క చూసే ఇది ఫలానా ఊరు అని తెలుసుకుంటాడని ఆయన చెప్పాడు.

"అక్షరాలు రానివాడి కోసం రాసిన బోర్డు మేస్త్రీ అది. నీలాంటి వాడి కోసం."

"ఇప్పుడు నాకు వచ్చు గదా సామీ."

"అందుకే చెబుతా ఉండాను."

అయితే వెలిగిన దీపాన్ని మేమిద్దరం ఒక్కసారీ చూడలేదు. వెలిగించే వేళకు ఎప్పుడూ తిరుగు బస్సులో ఉండేవాళ్లం. నాలుగింటిలోనూ మెట్లు ఎడమచేతివే. నాలుగుసార్లూ ఆయన అయ్యో అన్నాడు.

అయిదోది సూళ్లూరుపేటలో దిగి, బస్సు మారి, పడవలో ఉప్పునీళ్లు దాటి పోవలసిన చోట ఉంది. ఆ ఊరి పేరు రాయను. అక్కడి కాపలాదారు రూలు తప్పించి మమ్మల్ని లోపలికి వదిలాడు, ఆయనకు మాట రాకూడదు. అరవం కలిసిన తెలుగు మాట్లాడే మనిషి, నోటి నిండా వక్కాకు.

"వాంగ సామీ, రండి. ఏమి, ఇంత దూరం వచ్చి కిందనే నిలబడతారా?"

"మా మేస్త్రీ మెట్లు చూసి రానీ. అప్రదక్షిణమైతే నేను ఎక్కను."

"మెట్లకు కూడానా శాస్త్రం!" అని కాపలాదారు వక్కాకు ఉమ్మి నవ్వాడు.

నేను లోపలికి పోయాను. ఎండలో నుంచి వచ్చానేమో, కళ్లకు కాసేపు ఏమీ కనిపించలేదు. చెయ్యి చాచి తడిమాను. కుడిచేతికి కంబం తగిలింది. మంచి పని అది. ఒక్కో రాతి మెట్టు కొసను గుండ్రంగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే అదే నడిమి కంబం అయింది. వేరే కంబమే లేదు. దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. 'ఇదీ అంతే సామీ' అని మూడు మాటలు చెబితే పోయేది. అడిగేవాడు లేడు. కానీ నాకు ఉన్నది ఉన్నట్టు చెబుతాననే పేరు ఉంది, ఆ పేరంటే నాకు గర్వం. ఇంకోటి కూడా ఉంది, దాచను. ఇప్పుడేం చేస్తాడో చూద్దామని కొంచెం సరదా పుట్టింది.

బయటికి వచ్చి చెప్పాను. "సామీ, ఇది సరిగ్గా తిరిగిండాది. ప్రదక్షిణమే. రా, పోదాం."

ఆరని సిరా మీద మోచెయ్యి పడినప్పుడు ఎట్లా అయ్యేదో, ఆయన మొహం అట్లా అయింది.

"బాగా చూసినావా?"

"కుడిచెయ్యి పెట్టి సూసినా సామీ."

"లోపల చీకటి గదా..."

"సామీ, మెట్లు కట్టేవాణ్ణి నేను."

కాపలాదారు ఇద్దర్నీ చూస్తున్నాడు. ఆయన చెప్పులు విడిచాడు, గుడి ముందు విడిచినట్టు పక్కపక్కన సర్ది పెట్టాడు. కుడిచెయ్యి కంబానికి ఆనించి ఎక్కడం మొదలుపెట్టాడు. నేను వెనకనే, చింతగింజలతో. ముప్పై మెట్ల దాకా పెదాలు కదులుతూ ఉన్నాయి. ముప్పై తర్వాత ఆ చప్పుడు ఆగింది. నలభై మూడో మెట్టు దగ్గర గోడలో సన్నటి కిటికీ ఉంది. అందులో నుంచి నేల కనిపించదు, సముద్రమే కనిపిస్తుంది, ఎక్కడో కింద. ఆయన కంబాన్ని రెండు చేతులా వాటేసుకుని మెట్టు మీద కూలబడ్డాడు. నలభై మూడో గింజ నా చేతిలోనే ఉండిపోయింది.

"మేస్త్రీ, ఇంకా ఎన్ని ఉంటాయి?"

"నూటికి తక్కువ ఉండవు సామీ."

ఆ నిజం కూడా చెప్పాను.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. చొక్కా తడిసిపోయింది. నా సీసా అందుకుని గటగటా నీళ్లు తాగాడు. పైకి పోలేడు, తిరిగి కిందికి చూడలేడు. చివరికి మొహం పైకే పెట్టుకుని వెనక్కి వెనక్కి దిగాడు, పసిబిడ్డ మంచం దిగినట్టు. నేను కింద మెట్టు మీద కూర్చుని ఆయన పాదాలు ఒక్కొక్కటే పట్టి కింది రాతి మీద పెట్టాను. నలభై మూడు సార్లు. పాదాలు మంచులా ఉన్నాయి.

బయట వెలుతురులోకి వచ్చాక కాస్త ఊపిరి పీల్చుకుని అన్నాడు, "చూసినావా మేస్త్రీ? దిగేటప్పుడు కూడా కంబానికి కుడిచెయ్యే ఉండింది." అని నవ్వబోయాడు. అది మూడోది. సగం నవ్వు.

నేనూ నవ్వి ఊరుకుంటే సరిపోయేది. కాపలాదారు ఎదుటే అనేశాను, "భయమని ముందే సెప్పుంటే పోయేది గదా సామీ. ఇన్నేండ్లూ పాపం మెట్ల మీద యేసినావు."

ఆయన ఒక చెప్పు వేసుకుని ఉన్నాడు. రెండోది వేసుకోకుండా కాసేపు అట్లాగే నిలబడ్డాడు. కాపలాదారు నవ్వుతూనే ఉన్నాడు.

గూడూరు మీదుగా తిరిగి వచ్చాం. రైల్లో నిమ్మకాయల బస్తాల మధ్య ఎదురెదురుగా కూర్చున్నాం. నాకు బుద్ధి వచ్చింది గాని, మంచి మాట రాలేదు. మద్రాసు సముద్రం ఒడ్డున కొత్తగా కట్టినదానికి లిఫ్టు పెట్టారని విన్నాను. అదే చెప్పాను. "దాంట్లో పోదాం సామీ. మెట్లు ఎక్కే పని లేదు."

"లిఫ్టు తిరగదు మేస్త్రీ" అన్నాడు.

ఆ తర్వాత నన్ను పిలవలేదు. ఏడాదికి చిత్తూరు బదిలీ అయింది. నేను నా జన్మలో మొదటి ఉత్తరం రాశాను, ఆయనకే. "సామీ తప్పు నాది, నా నోరు మంచిది కాదు" అని ఒక కార్డు నిండా. పది రోజులకు కవరు వచ్చింది. లోపల నా కార్డే ఉంది, తప్పులన్నీ ఎర్ర పెన్సిలుతో దిద్ది. చివర 'దస్తూరి కుదిరింది' అని ఉంది. అంతే. ఆ కార్డు నా దగ్గర ఇప్పటికీ ఉంది. చిత్తూరు గంటన్నర దారి. నేను పోలేదు. పోయి ఏం చెప్పను? ఆయనా రాలేదు. ఇట్లా ఏళ్లు పోయాయి.

మొన్న ఆ పిల్లవాడు, పిల్లవాడేమిటి, ముప్పై ఏళ్ల బడిపంతులు, ఒక రేకు గొట్టం తెచ్చాడు. దాని మీద నా పేరు పెద్ద పెద్ద అక్షరాలతో విడివిడిగా రాసి ఉంది, కొత్తగా చదువు నేర్చినవాడికి రాసినట్టు. లోపల అయిదు ట్రేసింగు గుడ్డలు. చాప మీద పరిచాను. నాలుగింటిలోనూ నేను చెప్పిన ప్రతి మాటా ఉంది. తెర ఉంది, పాదరసం తొట్టి ఉంది, రేకు మీది అక్షరాలు ఉన్నాయి. నేను ఎక్కి చూసినవన్నీ.

అయిదోదానికి లోపల నలభై మూడు మెట్లే ఉన్నాయి. పైన అంతా ఖాళీ. పక్కన, 'మెట్లు అప్రదక్షిణం. పైకి పోలేదు' అని రాసి ఉంది. మెట్లు ఎడమచేతికే తిరిగి ఉన్నాయి. నేను పొరపాటు అనుకోబోయాను. అప్పుడు సముద్రం చూశాను. సముద్రం గీత స్తంభానికి ఎడమపక్కన, పడమట ఉంది. మన ఒడ్డున సముద్రం పడమట ఎక్కడుంది? వెంట్రుకవాసి తప్పును ఓర్చని మనిషి.

కుర్రవాడు నీళ్లు తాగేందుకు కుండ దగ్గరికి పోయాడు. గుడ్డను వెనక్కి తిప్పాను. సముద్రం తూర్పుకు వచ్చింది. మెట్లు కుడిచేతికి తిరిగాయి. కిటికీ సరిగ్గా దాని చోట ఉంది. అక్షరాలు మాత్రం తిరగబడ్డాయి, ఒకప్పుడు నాకు అన్ని అక్షరాలూ కనిపించినట్టు. సరిగ్గా గీసిన పటాన్ని తిరగేసి, దాని మీద ఈ గుడ్డ పరిచి గీశాడు. తిప్పి చూడాలని తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

అడుగుల చప్పుడైంది. గుడ్డను మళ్లీ అక్షరాల పక్కకు తిప్పి పెట్టాను.

"పెద్దాయనా, ఒక మాట అడగాలని వచ్చినాను" అన్నాడు కుర్రవాడు. "కర్మ రోజు మామ ఆఫీసోళ్లు వచ్చినారు. భోజనాల్లో కూర్చోని నవ్వుకున్నారు. సెలవు వస్తే చాలు లైట్‌హౌసులు తిరిగేవాడంట, ఒక్కటీ ఎక్కలేదంట, అంత పిరికి మనిషంట. మా అమ్మ విని అన్నం ముందు నుంచి లేచిపోయింది. నిజమేనా? కూడా పోయింది మీరే గదా."

నేను అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషిని.

"పిరికి యేంది నాయనా. మెట్లు. అన్నీ అప్రదక్షిణం. నేనే లోపలికి పోయి సెయ్యి పెట్టి సూసినా."

"అయిదింటికీనా?"

"అయిదింటికీ. సూడు, ఆయనే రాసుండాడు. మీ అమ్మకు సెప్పు."

వంగి చదివాడు. చదివి, చాలాసేపటికి ఊపిరి వదిలాడు. బడిపంతులు కదా, మొహంలో ఒక చిన్న నవ్వు కూడా వచ్చింది. "అయినా పెద్దాయనా, ఎక్కేది అప్రదక్షిణమైతే దిగేది ప్రదక్షిణమే గదా? ఎక్కి దిగితే చెల్లిపోతుంది" అంటూ, వెనక పక్క కూడా ఏమైనా రాసి ఉందేమోనని గుడ్డ అంచు ఎత్తబోయాడు.

నేను దాని మీద అరచెయ్యి పెట్టాను.

"దిగేది లెక్కలోకి రాదు నాయనా."